డాబా మీది తూము

"పొద్దు పొడువకముందే పని అయిపోవాలె సార్. ఎండెక్కినంక పిలిస్తే రాను" అని ముందురోజే చెప్పేశాడు ప్లంబరు. హనుమకొండలో మా డాబా మీది సోలార్ హీటరు ట్యాంకుకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు మూడు వారాలుగా కారుతోంది. ఎంత బిగించినా చుక్క ఆగదు. కారిన చోట గోడ మీద తెల్లటి చార గట్టిపడింది. గీకితే పెచ్చులుగా ఊడొస్తోంది.

ఆయన తొందరకు కారణం గాజు గొట్టాలు. ఒక్కో గొట్టం నిజానికి ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. 1892లో జేమ్స్ డ్యువార్ చేసిన ఫ్లాస్కు కిటుకే ఇది. లోపలి గాజు మీది నల్లపూత ఎండను పట్టుకుంటుంది, శూన్యం ఆ వేడిని బయటికి పోనివ్వదు. గొట్టంలో నీళ్లుంటే ఆ వేడి వాటికి చేరుతుంది. నీళ్లు లేకుండా మధ్యాహ్నం ఎండలో ఉందంటే లోపల 200 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చన్నీళ్లు తగిలాయా, గాజు పగిలినట్టే. అందుకే ట్యాంకు ఖాళీ చేసే పని తెల్లవారుజామున పెట్టుకోవాలి, లేదా గొట్టాలను మందపాటి గుడ్డతో కప్పాలి.

ఊడదీసిన వాల్వును నా చేతిలో పెట్టాడు. పైకి ఇత్తడి రంగే. విరిగిన మర దగ్గర మాత్రం రాగి ఎరుపు, గోటితో నొక్కితే పొడిగా రాలుతోంది. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. నాసిరకం ఇత్తడికి ఏళ్ల తరబడి వేడినీళ్లు తగిలితే జింకు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది, మిగిలిన రాగి స్పంజిలా గుల్లబారుతుంది. ఆకారం చెదరదు, బలం మాత్రం ఉండదు. కారుతోంది కదా అని పానా పెట్టి బిగించినప్పుడల్లా నేను విరగ్గొడుతూ వచ్చింది ఈ గుల్లనే.

ఇక ఆ తెల్లటి పెచ్చు. వాన నీరు నేలలో దిగేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, రాళ్లలోని కాల్షియాన్ని కరిగించుకుంటుంది. వేడి చేస్తే ఆ వాయువు ఎగిరిపోతుంది, కరిగిన కాల్షియం మళ్లీ సున్నపురాయిగా పేరుకుంటుంది. ఉప్పూ చక్కెరా వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి, ఇది మాత్రం వేడెక్కితేనే విరిగి అడుగుకు దిగుతుంది. బోరు నీళ్ల మీద ఆధారపడ్డ ఇళ్లలో హీటరు ముందుగా పాడయ్యేది ఇందుకే.

ఈ హీటరు కథ 1891లో మొదలైంది. బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ నల్లరంగు పూసిన ట్యాంకులను అద్దం మూతున్న పెట్టెలో పెట్టి 'క్లైమాక్స్' పేరుతో అమ్మాడు. పగలు కాగిన నీళ్లు తెల్లారేసరికి చల్లారేవి. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ ఎండ పట్టే గొట్టాలను కింద, వేడి నిలిపే ట్యాంకును పైన విడివిడిగా పెట్టాడు. కాగిన నీరు తేలికై పైకెక్కుతుంది, చల్లటి నీరు కిందికి దిగుతుంది, మోటారు అక్కర్లేదు. మా డాబా మీద జరిగేదీ అదే. అయితే ఇంత నింపాదిగా తిరిగే నీరు తాను తెచ్చిన మడ్డినంతా అడుగునే వదులుతుంది. అడుగున ఒక నోరు లేకపోతే ఈ యంత్రం బతకదు.

ప్లంబరు ఆ వాల్వును తూము అనే అంటాడు. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలపు పాఖాల, రామప్ప చెరువులున్న జిల్లాల మనిషి, ఇంకేమంటాడు! పాత చెరువుల్లో తూమంటే కట్ట అడుగున రాతి కాలువ, నీటివైపు నిలువు రాతి స్తంభాలు, చిల్లులున్న బండలు, ఆ చిల్లును మూసే బిరడా. నీరటి దాన్ని ఎత్తితే పొలానికి నీరు, దించితే బంద్. బిరడా అరిగినా, చిల్లులో రాయి ఇరుక్కున్నా రాత్రింబవళ్లు నీరు కారిపోయేది. బాగుచేయాలంటే చెరువు ఎండేదాకా ఆగాల్సిందే. వరంగల్‌లోని భద్రకాళి చెరువు పూడిక తీయడానికి 2024 నవంబరులో ముందు చెరువును ఖాళీ చేశారు. ట్యాంకు పెద్దదైనా చిన్నదైనా పని వరస ఒకటే.

మా పాతది గేట్ వాల్వు. ఇత్తడి పలక ఒకటి గాడిలోకి దిగి నీటిని ఆపుతుంది. గాడిలో ఒక్క సున్నపు పలుకు పడితే పలక పూర్తిగా దిగదు, తూము బిరడా జబ్బే. దాని బదులు స్టీలు బాల్ వాల్వు వేయించాను. లోపల చిల్లున్న గుండు పావు తిప్పు తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా టెఫ్లాన్ రింగులకు ఒరుసుకొని తనను తానే తుడుచుకుంటుంది. ఆ టెఫ్లాన్ 1938 ఏప్రిల్ 6న రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. ఫ్రిజ్‌లకు కొత్త వాయువు కోసం వెతుకుతుంటే ఒక సిలిండరులో వాయువుకు బదులు తెల్లటి పొడి కనిపించింది. మర చుట్టూ చుట్టే టేపూ అదే పదార్థం. ప్లంబరు దాన్ని మర తిరిగే దిక్కుగానే పన్నెండు చుట్లు చుట్టాడు. ఎదురు చుడితే బిగించేటప్పుడు పోగులై ఊడొస్తుందట.

ఆరున్నరకల్లా ట్యాంకు నిండింది. వాల్వు ఒకసారి తెరిచి బకెట్టులోకి వదిలాడు. "నెలకోసారి ఇట్ల పొద్దుగాల రెండు బకెట్లు ఇడువుండ్రి సార్" అన్నాడు. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా వచ్చింది. ఆయన సామాను సర్దుకునేలోపు నీరు తేరుకుంది. బకెట్టు అడుగున వేలి మందాన సున్నపు ఇసుక.