సాగరతీరంలో బస ఎక్కడ?

సెలవులకు విశాఖ వెళ్లే కుటుంబం ముందుగా అడిగే ప్రశ్న ‘గదిలో నుంచి సముద్రం కనిపిస్తుందా?’ అనే. అయితే బసను నిర్ణయించవలసినది కిటికీ కాదు, వెంట వచ్చే మనుషులు.

రామకృష్ణా బీచ్ నగరంలోనే ఉంది. మస్జిదులు, ఆసుపత్రులు, హలాల్ భోజనం అందుబాటులో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న దాదీమాకు ఇదే అనుకూలం. కాని ఇక్కడి కెరటాలు మనిషిని లోనికి ఈడ్చుకుపోతాయి. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. పిల్లలను నీటిలోకి దించరాదు.

నగరానికి ఉత్తరాన ఉన్న ఋషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. అక్కడ కూడా స్నానానికి కేటాయించిన హద్దు దాటకూడదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి ఇంకా దూరం. ప్రశాంతత కోరేవారికి అది తగినదే. అయితే వెంట రోగులుంటే రాత్రివేళ వైద్యం సంగతి ముందే ఆలోచించుకోవాలి.

గది తీసుకునే ముందు లిఫ్టు ఉన్నదా, వంటలో వాడే మాంసం హలాలేనా, స్త్రీలకు పరదా సౌకర్యం ఉన్నదా అని నిస్సంకోచంగా అడగండి. విశాఖలో సముద్రం తూర్పున, ఖిబ్లా పడమటి దిక్కున ఉంటాయి. నమాజుకు నిలిచినప్పుడు సముద్రం మన వెనుకనే ఉంటుంది. కనుక కిటికీ చిన్నదైనా పరవాలేదు, ఇంటిల్లిపాదీ కలిసి నిలబడేందుకు శుభ్రమైన నేల ఉంటే చాలు.