లిండెన్ నార, చరచి నార

భిలాయి ఉక్కు కర్మాగారం 1955 నాటి ఒడంబడిక ననుసరించి సోవియట్ సహకారంతో వెలసినది. నిర్మాణానికి వచ్చిన రష్యన్ నిపుణుల స్వదేశంలో ‘లీపా’ మిక్కిలి పరిచితమైన చెట్టు. ఆంగ్లంలో అది లిండెన్, శాస్త్రంలో టీలియా. చల్లని దేశాల చెట్టగుటచే సెక్టర్ 4లో పెరిగే తెలుగు పిల్లలకు అది కానరాదు. కాని దాని బంధువొకటి ఛత్తీస్‌గఢ్ అడవులలోనే ఉన్నది. హిందీలో ధామన్, తెలుగులో చరచి. శాస్త్రనామం గ్రూవియా టీలియిఫోలియా, అనగా ‘లిండెన్ ఆకుల వంటి ఆకులు గలది’. పూర్వం టీలియేసీ కుటుంబంలో ఉండిన ఈ రెంటిని జన్యు పరిశోధనల అనంతరం పత్తి, గోగులతో పాటు మాల్వేసీలో చేర్చినారు.

లిండెన్ కొమ్మను అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచిన, నడుమ దవ్వ, చుట్టూ వార్షిక వలయాలు గల దారువు, దానిపై విభాజ్య కణాల పలుచని పొర, వెలుపల పోషక కణజాలం కనిపించును. ఈ పోషక కణజాలమే చూడదగినది. మందపు గోడల నారకణాలు పట్టీలుగాను, వాని మధ్య మెత్తని కణాలు వరుసలుగాను అమరియుండును. పట్టను నీట నానవేసినచో మెత్తనివి కుళ్ళి, నార మిగులును. గోగు నానవేయు మన రైతుకిది కొత్త కాదు!

ఆ నారతో రష్యా పల్లీయులు ‘లాప్తి’ అను పాదరక్షలు అల్లుకొనేవారు. లిండెన్ కొయ్య మెత్తన, చెక్కడపు పనికి అనుకూలం. ఎండిన పూలతో కషాయం కాచుకొందురు. చరచి నార తాళ్ళకు పనికివచ్చును. కొయ్య మాత్రం గట్టిది, వంగినా విరుగనిది, కావడి బద్దలకూ గొడ్డలి పిడులకూ తగినది.

అయితే ఆకులు వండిన ఆహారాన్ని వేళ్ళకు చేర్చు నాళాలు కూడ ఆ నారపట్టలోనే ఉన్నవి. కొమ్మలు నరికి నార తీసినచో చెట్టు మరల చిగురించును. మానును చుట్టూ ఒలిచినచో వేళ్ళు పస్తుండి, క్రమేణ చెట్టే ఎండిపోవును.