లేపాక్షి కప్పుపై వరాహవధ

వీరుడు భయంకర మృగాన్ని సంహరించే దృశ్యం చిత్రకారులకు ఏ దేశంలోనైనా ప్రియమైన వస్తువే. ఐరోపాలో సాంస్కృతిక పునరుజ్జీవనం వెల్లివిరిసిన రోజులలో, 1506 ప్రాంతంలో, ఇటలీ చిత్రకారుడు రఫేల్ 'సెయింట్ జార్జి - డ్రాగన్' చిత్రాన్ని రచించాడు. తెల్లని గుర్రంపై కవచధారియైన యోధుడు, అతని బల్లెం కింద ఘటసర్పం, వెనుక చేతులు జోడించి ప్రార్థిస్తున్న రాకుమారి. ఇంతటి ఘట్టం ఇమిడిన ఆ చెక్కపలక ఎత్తు 28.5 సెంటీమీటర్లే!

ఆ తరువాత ఒక తరం గడిచేసరికి మన నేలపైనా ఇటువంటి చిత్రమే వెలసింది. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు పాలించిన కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు లేపాక్షిలో వీరభద్రాలయాన్ని తీర్చిదిద్దారు. అక్కడి మండపం కప్పుపై కిరాతార్జునీయ గాథ వరుసగా కనిపిస్తుంది. శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన కథ కూడ ఇదే.

ఇక్కడి వీరుడు తపస్వి. పాశుపతాస్త్రం కోసం తపస్సు చేస్తున్న అర్జునునిపైకి మూకాసురుడు వరాహరూపంలో వస్తాడు. అర్జునుని బాణం, కిరాతవేషంలో ఉన్న శివుని బాణం ఒకేసారి దానికి తగులుతాయి. జార్జి కథలో మృగం చావడంతో పోరు ముగుస్తుంది. ఇక్కడ మృగం చచ్చిన తరువాతనే అసలు పోరు మొదలవుతుంది. చంపింది నా బాణమంటే నా బాణమని వాదులాట. ఎదుట నిలిచినవాడు తాను ఆరాధిస్తున్న దైవమేనని అర్జునుడు ఎరుగడు. ఈ చిత్రాలకు ప్రాణం ఆ ఎరుగకపోవడంలోనే ఉంది.

రఫేల్ చిత్రంలో చెట్లు, కొండలు దూరదూరంగా జరిగిపోతూ లోతును చూపుతాయి. లేపాక్షి చిత్రకారులు లోతు జోలికి పోలేదు. పక్కకు తిరిగిన ముఖాలు, విశాలమైన కన్నులు, సన్నని నల్లని గీత, కావి ఎరుపు, పసుపు రంగులు. మనుషులంతా ఒకే వరుసలో ఉంటారు. దీనిని లోపమనుకోరాదు. తల పైకెత్తి నడుస్తూ చూసేవారికి పంక్తి వెంట పంక్తి చదివినట్లు కథ సాగాలి కదా! అన్నట్లు, ఆలయంలోని చిత్రాలలో పురుషులు ధరించిన పొడవైన కుళ్లాయిలను, స్త్రీల చీరల అంచులను చూస్తే ఆనాటి వేషధారణ కూడ తెలుస్తుంది.

రఫేల్ పలకను 1931లో సోవియట్ ప్రభుత్వం అమెరికా ధనవంతుడు ఆండ్రూ మెలన్‌కు అమ్మగా, అది సముద్రం దాటి వెళ్ళింది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో అద్దాల నీడన భద్రంగా ఉంది. లేపాక్షి చిత్రం కదలలేదు. రాతి కప్పుకు పూసిన సున్నపు గారతోనే దాని ఆయుర్దాయం ముడిపడి ఉంది. గార పెచ్చులూడితే బొమ్మ కూడ రాలిపోతుంది. కొన్నిచోట్ల ఇప్పటికే రంగులు వెలిసిపోయి, గీతలు మాత్రమే మిగిలాయి. 2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అయినా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే సందర్శకులే ఎక్కువ. తల పైకెత్తి వరాహాన్ని వెదికేవారు తక్కువ.