రోజుకు పది డాలర్లు... మన చేతిలోనే!

"అమ్మాయి పురిటికి రమ్మంది. టికెట్లు అల్లుడుగారు పంపేశారు. ఉండేదీ తినేదీ వాళ్ళింట్లోనే. ఇక మనకు ఖర్చేముంటుంది?"

అమెరికా ప్రయాణం పెట్టుకున్న తల్లుల్లో చాలామంది అనే మాటే ఇది. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. మావారు ఆర్.సి.పురం బి.హెచ్.ఇ.ఎల్. నుంచి రిటైరయ్యాక మేము బీరంగూడలో ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాం. ఈ చుట్టుపక్కల పటాన్‌చెరు, అమీన్‌పూర్, సంగారెడ్డి కాలనీల్లో మాలాంటి ఇళ్ళు ఎన్నో! ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీలు చేసి చదివించిన పిల్లలు సముద్రాలు దాటారు. ఇప్పుడు పురుళ్ళకీ, మనవల్ని చూసుకోవడానికీ మన వంతు వచ్చింది.

2014లో మా అమ్మాయి కాన్పుకు న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళాం. 1,500 డాలర్లు ఒకే కవర్లో పెట్టి, ఆ కవరు మావారి సూట్‌కేసు అడుగున దాచాం. అక్కడ మావారికి ఒకటే పని, ప్రతి ధరనూ అరవైతో గుణించడం! మూడు డాలర్ల కాఫీ నూట ఎనభై రూపాయలని తాగేవారు కాదు, నన్నూ తాగనిచ్చేవారు కాదు. నా చేతిలో మాత్రం ఒక్క డాలరూ ఉండేది కాదు.

ఒకరోజు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. అమ్మాయి చంటిబిడ్డకు పాలిస్తూ కారులోనే ఉండిపోయింది. మావారు అప్పటికే క్యూలో ముందుకెళ్ళిపోయారు. హుండీ ముందు నిలబడి పర్సు తెరిస్తే మన పదిరూపాయల నోట్లు తప్ప ఏమీ లేవు. అల్లుడుగారి వైపు చూశాను. పాపం, ఆయన అడక్కుండానే ఇరవై డాలర్ల నోటు చేతిలో పెట్టారు. అల్లుడు బంగారం లాంటివాడే. కానీ ముప్ఫై ఏళ్ళు ఇంటి ఖర్చు నా చేతి మీదుగా నడిపినదాన్ని, దేవుడికి వేసే డబ్బు కోసం ఇంకొకరి మొహం చూడాల్సి వచ్చిందే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అంతటితో అయిందా? నాలుగో నెలలో పంటినొప్పి మొదలైంది. మేము తీసుకున్న ప్రయాణ బీమాలో పళ్ళ చికిత్స లేదు. రూట్ కెనాల్, దానిమీద తొడుగు కలిపి 1,900 డాలర్లు దాటింది. అమ్మాయే కట్టింది. మమ్మల్ని కట్టనిచ్చినా మా కవరులో అంత లేదు. బీమా వాళ్ళని అనేందుకు లేదు లెండి, కాగితంలో స్పష్టంగానే ఉంది. చదవనిది మేమే.

2024లో రెండో కాన్పుకు వెళ్ళేటప్పుడు మాత్రం ముందే నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. పోపులపెట్టెలో గిన్నెల్లాగా డబ్బును మూడు భాగాలు చేశాను: బయల్దేరేలోపు అయ్యేది, అక్కడ రోజూ చేతిలో ఉండేది, ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోనిది.

మొదటి గిన్నె ఖర్చు తెలిసిందే. వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, బీమా, పెట్టెలు, శంషాబాద్ దాకా కారు. బీమా అక్కడ ఉండే రోజులన్నిటికీ సరిపోయేలా తీసుకోండి. బి.పి., షుగరు లాంటి పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. వెళ్ళే ముందు ఇక్కడే పళ్ళ డాక్టరుకు చూపించుకోండి. ఇక్కడ వేలల్లో పోయేది అక్కడ లక్ష దాటుతుంది. మందులు సాధారణంగా 90 రోజులకు సరిపడా తీసుకెళ్ళవచ్చు. వాటికి డాక్టరు చీటీ ఉండాలి, దానిమీద మందు అసలు పేరు కూడా రాయించుకోండి.

ఇక అసలు సంగతి రెండో గిన్నె. రోజుకు పది డాలర్లు అనుకున్నాను. మేము ఉండబోయేది 172 రోజులు, అంటే 1,720 డాలర్లు. వీసా పదేళ్ళదైనా ఒక విడతలో ఎన్నాళ్ళు ఉండవచ్చో విమానాశ్రయంలో అధికారి ఇచ్చే తేదీని బట్టే ఉంటుంది. మామూలుగా ఆరు నెలలిస్తారు. కాబట్టి లెక్క రోజుల్లోనే వేసుకోండి. ఈ పది డాలర్లూ రోజూ ఖర్చు పెట్టాలని కాదు. ఇవాళ మిగిలింది రేపటికి చేరుతుంది. వారానికి 70 నా పర్సులో, మిగతాది కార్డులో. గుడి, మనవడికి బొమ్మ, ఇరుగుపొరుగు పిల్లల పుట్టినరోజు, అమ్మాయికి తెలీకుండా కొనే చీర... అన్నీ అందులోంచే. నయాగరా లాంటి పెద్ద ప్రయాణాలు మాత్రం ఇందులో కలపొద్దు, వాటి లెక్క వేరే.

డాలరును 90 రూపాయలనుకుంటే పది డాలర్లంటే 900. (మీరు వెళ్ళేనాటి రేటు చూసుకోండి.) "అమ్మో, రోజుకు తొమ్మిది వందలా!" అనకండి. ఇక్కడి ఇంటి లెక్క కూడా పక్కనే రాయండి. తాళం వేసిన ఇల్లు కూడా ఖర్చు తింటుంది. మా ఫ్లాటుకు మెయింటెనెన్సు 2,500, పనమ్మాయికి సగం జీతం 1,500 (తిరిగొచ్చాక ఆమే కావాలి మరి!), కరెంటు 400, ఇద్దరి ఫోన్ రీఛార్జీలు 700, ఇంటిపన్ను వగైరా నెలవంతు 900. మొత్తం 6,000, అంటే రోజుకు 200. అయితే పాలు, కూరలు, గ్యాసు, పటాన్‌చెరు అంగడి ఖర్చు నెలకు 12,000 దాకా ఆగిపోతుంది. అది రోజుకు 400 మిగులు. తొమ్మిది వందలకు రెండొందలు కలిపి నాలుగొందలు తీసేస్తే నికరంగా రోజుకు 700. ఈ అంకె చూశాక మావారు గుణించడం మానేశారు.

ఫోన్ రీఛార్జి అనవసరం అనుకోకండి. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఆ నంబరుకే కదా వచ్చేది! రోమింగ్ పెట్టించుకుని వెళ్ళండి. పెన్షను వచ్చేవాళ్ళు జీవన ప్రమాణ పత్రం గడువు కూడా చూసుకోండి. అక్కడ ఉండగా గడువు దాటితే ఇక్కడ పెన్షను ఆగుతుంది. చీటీ కట్టేవాళ్ళు ఆ వాయిదాలు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి.

నోట్ల రూపంలో మనిషికి ఒక్క ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా తీసుకెళ్ళనిస్తారు. ఆపైన కావాలంటే ఫారెక్స్ కార్డు. కొనేటప్పుడే ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి. మన రూపాయలు 25,000 దాకా దగ్గర ఉంచుకోవచ్చు. తిరిగొచ్చిన రోజు కారుకు, పాల పాకెట్లకు వాటి అవసరం ఉంటుంది.

అక్కడ ధర చీటీ మీద ఉన్నదే ధర కాదు, పన్ను బిల్లులో కలుస్తుంది. న్యూజెర్సీలో 6.625 శాతం. వండని సరుకుల మీద, బట్టల్లో చాలావాటి మీద ఆ పన్ను లేదు, పక్క రాష్ట్రాల్లో వేరేగా ఉండవచ్చు. హోటల్లో భోంచేస్తే బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. పది డాలర్ల టిఫిను పన్నెండు దాటుతుందన్నమాట. గుడి క్యాంటీన్లో ఇడ్లీ, పులిహోర తినడం హాయి. లైబ్రరీకి వెళ్ళి కూర్చోవడానికి పైసా అక్కర్లేదు.

పెట్టెల్లో బియ్యం, కందిపప్పు మోసుకెళ్ళకండి. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డు మీద మన సరుకుల కొట్లు వరుసగా ఉన్నాయి. బాలింతకు వెల్లుల్లి కారం, శొంఠిపొడి, కందిపొడి, ఆవకాయ చాలు. ఆవకాయ నూనె కారకుండా రెండు మూడు కవర్లలో సీలు చేయించండి. పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, అమెరికాలోకి రానివ్వరు. తినే వస్తువులేం ఉన్నా కస్టమ్స్ వాళ్ళు అడిగితే ఉన్నవి ఉన్నట్టు చెప్పేయండి.

ఇక మూడో గిన్నె, 1,000 డాలర్లు. కార్డులో వేసి మరిచిపోయాం. రెండోసారి వెళ్ళినప్పుడు దాని జోలికి పోవలసిన అవసరం రాలేదు.

బ్రిడ్జ్‌వాటర్ గుడికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి అర్చన టికెట్టు నేనే తీశాను. అల్లుడుగారికీ మనవరాలికీ క్యాంటీన్లో దోసెలు కూడా నేనే ఇప్పించాను. "అత్తయ్యా, మీరెందుకు" అంటూనే ఆయన రెండోది కూడా తిన్నారు.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్లను హడావుడిగా అమ్మేయకండి. కొన్న రేటుకు, అమ్మే రేటుకు తేడా ఉంటుంది, మొదటిసారి అక్కడే నష్టపోయాం. 2,000 డాలర్లదాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించి ఉంటే వచ్చిన 180 రోజుల్లోగా తిరిగి మార్చుకోవాలి. మా నోటుపుస్తకంలో చివరి పేజీకి 140 డాలర్లు పిన్ను పెట్టి ఉన్నాయి. మనవడి అక్షరాభ్యాసానికి మళ్ళీ రమ్మని అమ్మాయి అప్పుడే ఫోన్లు మొదలుపెట్టింది.