గ్రంథిని తొలగించుటయా, గింజలు నాటుటయా?

నిమ్మాడ, టెక్కలి, పలాస ప్రాంతములలో అరువదేండ్లు దాటిన పురుషునికి మూత్రధార సన్నగిల్లినచో ఇంటివారికి మొదట తోచునది ఉద్దానపు మూత్రపిండ వ్యాధియే. ఆ భయము నిర్హేతుకము కాదు. కాని మూత్రాశయము క్రింద, జీడిపిక్కకన్న కొంత పెద్దదైన ప్రొస్టేటు గ్రంథి యొకటి కలదు. క్రియాటినిను పరీక్ష దాని సంగతి చెప్పజాలదు. వార్ధక్యమున అది ఉబ్బుట సహజము. అందు క్యాన్సరు పుట్టుటయు కలదు. తొలిదశలో ఆ క్యాన్సరు తరచుగా ఏ బాధయు కలిగింపదు. పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష అనుమానము కలిగించును. సూదితో తీసిన ముక్కను పరీక్షించిన పిమ్మటనే నిశ్చయము.

గ్రంథిని దాటని క్యాన్సరుకు గల రెండు మార్గములను గూర్చి మేమిచట ముచ్చటింతుము. మొదటిది గ్రంథిని పూర్తిగా తీసివేయు శస్త్రచికిత్స. 1904లో అమెరికాలో హ్యూ యంగ్ దీనిని చేసెను. 1982లో పాట్రిక్ వాల్ష్ పుంస్త్వమునకు సంబంధించిన నరములను కాపాడు పద్ధతిని చూపెను. వ్యాధి తిరిగి తలయెత్తినచో రక్తపరీక్ష త్వరగా తెలుపును. అప్పుడు కిరణచికిత్సకు అవకాశము మిగిలియుండును. కాని కొన్ని నెలలు మూత్రము ఆగక కారవచ్చును, కొందరికది శాశ్వతము. నరములను కాపాడినను పుంస్త్వము తగ్గుట అరుదు కాదు.

రెండవది, బియ్యపుగింజలంతటి అయొడిను-125 గింజలను, సాధారణముగా 80 నుండి 100 వరకు, సూదులతో గ్రంథిలో నాటుట. వాని శక్తి ప్రతి 60 దినములకు సగమగును. పది నెలలకు నూటికి మూడు పాళ్లే మిగులును. గింజలు మాత్రము లోపలనే యుండిపోవును. పెద్ద కోత లేదు. ఆసుపత్రిలో ఒకటి రెండు దినములే. అయితే మూత్రమున మంట నెలల తరబడి బాధింపవచ్చును. ఇదివరకే ధార మిక్కిలి సన్నగిల్లినవారికి, గ్రంథి బాగుగా పెరిగినవారికి ఈ మార్గము సాధారణముగా తగదు. తాతగారు తొలి రెండు నెలలు పసిపిల్లలను ఒడిలో చాలసేపు ఉంచుకొనరాదని, గర్భవతులకు ఎడముగా ఉండవలెనని వైద్యులు చెప్పుదురు. ఆయన తాకిన పాత్రలకు, పక్కబట్టలకు దోషమేమియు లేదు.

బ్రిటనులో 1,643 మందిని సుమారు 15 ఏండ్లు పరిశీలించి 2023లో ప్రకటించిన ఫలితము గమనింపదగినది. శస్త్రము, వెలుపలినుండి కిరణములు, కేవల పరిశీలన: ఏ వర్గమునందైనను ఈ క్యాన్సరు వలన మరణించినవారు నూటికి ఇద్దరు ముగ్గురే. గింజలను అందు పరీక్షింపలేదు. ఏమైనను, జీడితోట తాకట్టు పెట్టుటకు ముందు, పరిశీలనలో ఉన్న చాలునా అని అడుగుట మేలని మా తలంపు. శస్త్రవైద్యుడు శస్త్రమును, కిరణవైద్యుడు కిరణములను మెచ్చుట లోకసహజము గనుక ఇరువురినీ అడుగవలెను. విశాఖపట్టణమున అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. పోవునపుడు ముక్కపరీక్ష కాగితమును, పి.ఎస్.ఏ. అంకెలను వెంట గొనిపోవలెను.