నిన్నటి దుంప, నేటి వేపుడు

పూరీ కూర కోసం కుక్కర్లో పెట్టిన దుంపల్లో రెండో మూడో మిగలడం ఏ ఇంట్లోనైనా మామూలే. కోస్తాలో బంగాళాదుంప అన్నా, తెలంగాణలో ఆలుగడ్డ అన్నా, సీమలో ఉర్లగడ్డ అన్నా మిగిలినదాని గతి ఒకటే: ఫ్రిజ్‌లో ఓ మూల గిన్నెలో పడి ఉండటం. ఇంకెందుకు పనికొస్తుందిలే అనుకుంటారు గానీ, వేపుడు దగ్గరికి వచ్చేసరికి అప్పుడే ఉడికిన దుంపకన్నా ఈ చల్లారినదే మేలు.

కారణం దుంపలోని పిండిపదార్థం. ఉడికేటప్పుడు పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. అందుకే వేడి దుంప కత్తికి అంటుకుంటుంది, మూకుట్లో వేస్తే చిదిమిపోతుంది. చల్లారాక పిండిలోని అణువులు మళ్లీ దగ్గరగా చేరి బిగుసుకుంటాయి. పైతడి ఆరుతుంది. కోసిన ముక్క అంచు చెదరకుండా నిలుస్తుంది.

ఈ కిటుకు మనకే కాదు, దుంప తినే చాలా దేశాలకు తెలుసు. జర్మన్లు ముందురోజు ఉడికించిన దుంపల్ని చక్రాల్లా కోసి ఉల్లిపాయతో ఎర్రగా వేయించి ‘బ్రాట్‌కార్టోఫెల్న్’ అంటారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వైపు నిన్నటి దుంపనే తురిమి, అట్టులా కాల్చి ‘రోస్టి’ చేస్తారు. ఇంగ్లండ్‌లో మిగిలిన దుంప, క్యాబేజీ కలిపి మెదిపి పెనం మీద వేస్తే అది ‘బబుల్ అండ్ స్క్వీక్’.

మన వేపుడుకు ఇనుప మూకుడు ఉంటే మంచిది. నూనె బాగా కాగాక ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు వేసి, దుంప ముక్కల్ని ఒక్క వరుసగా పరచాలి. ఊరికే కలుపుతూ ఉండకూడదు. అడుగు ఎర్రబడి, ముక్క తనంతట తాను మూకుడును వదిలినప్పుడు అట్లకాడతో తిప్పాలి. దంచిన వెల్లుల్లి, కారం దించేముందు వేస్తే మాడవు. దుంప ముందే ఉడికింది కాబట్టి పైన కరకరలాడితే చాలు, పని అయిపోయినట్టే.

వేపుడు వద్దనుకుంటే పొయ్యి మీద పోపు గరిట పెడితే సరిపోతుంది. చల్లటి దుంపను చిన్న ముక్కలుగా కోసి, ఉప్పు వేసి చిలికిన పెరుగులో కలిపి, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెడితే పెరుగు పచ్చడి సిద్ధం. కట్‌లెట్‌కూ, ఆలూ పరాఠాలో కూరడానికీ చల్లారిన దుంపే నయం. తురిమితే ఉండలు కట్టదు, చెమ్మ తక్కువ కాబట్టి పరాఠా ఒత్తేటప్పుడు చిరగదు.

చల్లారినప్పుడు బిగుసుకున్న పిండిలో కొంత భాగం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. తిరిగి వేడిచేసినా అది పూర్తిగా పోదు. అలాగని షుగరు ఉన్నవాళ్లు దుంపకూరను లెక్కలేకుండా తినొచ్చని కాదు. తేడా కొంతే.

జాగ్రత్తలు తప్పవు. ఉడికిన దుంపను రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే. తొక్క తీయకుండా మూత ఉన్న గిన్నెలో పెడితే ఎండిపోదు. జిగురు కట్టినా, పులిసిన వాసన వచ్చినా పారేయాల్సిందే. పచ్చిగా ఉన్నప్పుడే ఆకుపచ్చ రంగు తిరిగిన దుంపను అసలు ఉడికించొద్దు. అందులోని సోలనిన్ అనే విషపదార్థం ఉడికినా పోదు.

పచ్చి దుంపల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి పిండి చక్కెరగా మారి, వేయించినప్పుడు ముక్కలు నల్లబడతాయి. వాటికి గాలి ఆడే చీకటి మూల చాలు. ఉడికినవాటికి ఫ్రిజ్జే సరైన చోటు, మూడు రోజుల్లోగా వండేసుకోవాలి.