అక్షింతల పురుగు వీపు మీద తెల్ల మచ్చ ఎక్కడిది?

చెరువు గట్టున ఆకు మీద ఎర్రటి అక్షింతల పురుగు కనిపిస్తే, ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఫోటో తీశారనుకోండి. నల్ల చుక్కల మధ్య ఓ తెల్లటి మచ్చ వచ్చి కూర్చుంటుంది! పురుగు మీద లేనిది ఫోటోలోకి ఎలా వచ్చింది?

అది ఫ్లాష్ ప్రతిబింబమే. ఈ పురుగు పైరెక్కలు గట్టిగా, నున్నగా ఉంటాయి. తోమిన స్టీలు గిన్నె మీద బల్బు వెలుగు చుక్కలా మెరవడం చూశారుగా, ఇదీ అంతే. వెలుగు వచ్చే చోటు చిన్నదైతే మెరుపు ఒక్కచోటే పడి కళ్లు చెదిరేలా ఉంటుంది. ఆ చోటు పెద్దదైతే వెలుగు వీపంతా పరుచుకుని అసలు రంగు బయటపడుతుంది.

మరి దీపాన్ని పెద్దది చేయడం ఎలా? ఫ్లాష్‌కీ పురుగుకీ మధ్య తెల్ల టిష్యూ కాగితం అడ్డం పెట్టండి. కాగితమంతా వెలుగుతుంది కాబట్టి ఇప్పుడు అదే దీపం! పురుగుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది.

పైనుంచి వంగి తీయకండి, పురుగు కళ్ల ఎత్తుకు కెమెరా దించండి. ఇంత దగ్గర నుంచి తీస్తే ఫోటోలో ఒక సన్నని పొర మాత్రమే స్పష్టంగా వస్తుంది, ముందూ వెనకా మసకబారుతుంది. ఆ స్పష్టత కంటి మీద పడాలి. చల్లటి ఉదయాలు ఇందుకు భలే అనువు. ఒళ్లు వేడెక్కేదాకా పురుగులు చురుగ్గా కదలవు. కదలకూడదని ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లూ ఉన్నారు, మీరు మాత్రం ఆ పని చేయకండి.